శిఖరం మీది మేక, కుంటలోని సమందల్

భూమిపై సంచరించే ప్రతి ప్రాణికీ ఉపాధిని సమకూర్చే బాధ్యత అల్లాహ్‌దేననీ, అది ఎక్కడ నివసిస్తుందో, చివరికి ఎక్కడికి చేరుతుందో ఆయనకు తెలుసుననీ దివ్యఖుర్‌ఆన్‌లోని హూద్ సూరా 6వ ఆయతు తెలియజేస్తుంది. ఈ ఆయతును పిల్లలకు బోధించేటప్పుడు మా వంటి ఉపాధ్యాయులం 'రిజ్ఖ్' అనే పదం దగ్గర ఎక్కువసేపు ఆగుతాం. ఉపాధి గురించిన చింత అందరికీ ఉన్నదే కనుక అది సహజం. అయితే అదే ఆయతులో 'ముస్తఖర్ర్' అనే మరో పదం ఉంది. నిలిచి ఉండే చోటు, నివాసస్థలం అని దాని భావం. ప్రాణికి తిండిని ఏర్పరచినవాడే చోటును కూడా ఏర్పరచాడు. గత షవ్వాల్ మాసంలో, ఈద్ గడిచి మదరసాలు ఇంకా తెరవకముందు, డార్జీలింగ్ కొండల్లో గడిపిన అయిదు రోజులు ఈ రెండవ పదానికి నాకు కళ్లెదుటి వ్యాఖ్యానంలా తోచాయి.

అక్కడ నేను రెండు ప్రాణులను చూశాను. ఒకటి శిఖరాల మీద తిరిగే కొండమేక. రెండవది వాననీటి కుంటలో బ్రతికే చిన్న ఉభయచరం. ఒకటి పైకి చూస్తేనే కనబడుతుంది. రెండవది నేలవైపు వంగి వెదికితేనే కనబడుతుంది. ఈ రెండింటి మధ్య పోలిక ఏముంటుందని పాఠకులు అడగవచ్చు. ఆ పోలికే ఈ వ్యాసం.

విద్యార్థి దశలో నాతో కలిసి హదీసు పాఠాలు చదివిన మిత్రుడొకరు ఆ కొండల్లోని ఒక చిన్న పల్లెలో మక్తబ్ నడుపుతున్నారు. ఎన్నో ఏళ్లుగా రమ్మని పిలుస్తున్నారు. న్యూ జల్పాయిగురి స్టేషనులో రైలు దిగి, జీపులో కొండదారి పట్టాను. 1881లో ప్రారంభమైన బొమ్మ రైలు పట్టాలు దారి పొడవునా రోడ్డుకు ఇటూ అటూ దాటుతూ మనతోపాటే పైకి వస్తాయి. మైదానపు ఉక్కపోత తగ్గి, తేయాకు తోటలు మొదలై, ఘూమ్ చేరేసరికి ఉన్ని శాలువా కప్పుకోవలసి వచ్చింది. ఆ స్టేషను ఎత్తు ఏడువేల అడుగులకు పైమాటే. ఎదురుగా ఉన్న మనిషి ముఖం కూడా ఆనవాలు పట్టలేనంత మంచు. ఆ మంచులో నుండి మిత్రుని సలాము వినబడిన తరువాతనే ఆయన రూపం కనబడింది.

"మౌలానా సాబ్, ముందు మీ హైదరాబాదు బిడ్డ పేరున్న చోటుకు పోదాం" అన్నారాయన, మరునాడు ఉదయం.

డార్జీలింగ్‌లోని పద్మజా నాయుడు హిమాలయ జంతుప్రదర్శనశాల గురించి ఆయన అన్నమాట అది. సరోజినీ నాయుడు కుమార్తె పద్మజ 1900లో హైదరాబాదులో జన్మించారు. 1956 నుండి 1967 వరకు పశ్చిమ బెంగాల్ గవర్నరుగా పనిచేశారు. 1958లో నెలకొల్పిన ఈ జూకు 1975లో ఆమె స్మృత్యర్థం ఆ పేరు పెట్టారు. సముద్రమట్టానికి సుమారు ఏడువేల అడుగుల ఎత్తులో ఉన్న ఈ స్థలం చల్లని కొండల్లో బ్రతికే జంతువుల కోసమే ఏర్పడింది. మంచుచిరుత, ఎర్ర పాండా వంటి అరుదైన జీవులకు ఇక్కడ సంతానవృద్ధి చేయించి, వాటి జాతి తరిగిపోకుండా కాపాడే కృషి జరుగుతోంది.

అక్కడే ఒక రాతి వాలుపై నిలబడి ఉన్న హిమాలయ తార్‌ను చూశాను. తార్ అన్నది నేపాలీ వాడుక పేరు. తెలుగులో దీనికి పేరు లేదు, మన కొండల్లో ఇది లేదు గనుక. మేకకు దగ్గరి బంధువు. కశ్మీరు వైపు నుండి నేపాల్ మీదుగా సిక్కిం వరకు, హిమాలయాల దక్షిణపు వాలుల మీద, సుమారు 2,500 మీటర్ల నుండి 5,000 మీటర్ల ఎత్తు వరకు తిరుగుతుంది. ఎదిగిన మగజంతువు 70 కిలోలకు పైగా తూగుతుంది. ఆడది దాదాపు అందులో సగం. మగదాని మెడ చుట్టూ, భుజాల మీద గాలికి ఊగే జూలు ఉంటుంది. వెనుకకు వంగిన కొమ్ములు రెండింటికీ ఉంటాయి. గర్భం సుమారు ఏడు నెలలు. సాధారణంగా ఒక్క పిల్లనే ఈనుతుంది.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టినది దాని గిట్ట. గిట్ట అంచు గట్టిగా, కొమ్ములా ఉంటుంది. లోపలి భాగం మాత్రం మెత్తగా, రబ్బరు వలె ఉంటుంది. గట్టి అంచు రాతి పగులును పట్టుకుంటుంది, మెత్తని లోపలి భాగం నున్నని బండపై జారకుండా అతుక్కుంటుంది. మనిషి తాడు కట్టుకుని కూడా జంకే చోట ఈ జంతువు గడ్డి మేస్తూ అడుగు వేస్తుంది. ఈ గిట్టను చూసిన తరువాత, ప్రతి వస్తువుకూ దాని రూపాన్నిచ్చి, ఆపైన దానికి దారి చూపినవాడే తన ప్రభువని ఫిరౌనుకు హజ్రత్ మూసా (అ) చెప్పిన సమాధానం గుర్తుకు రావడానికి గొప్ప పాండిత్యం అవసరం లేదు.

అరబ్బులకు కొండమేక కొత్త జంతువు కాదు. హిజ్రీ 808లో మరణించిన అల్లామా దమీరీ జంతువుల గురించి రచించిన 'హయాతుల్ హయవాన్' గ్రంథంలో 'వఅల్' పేరుతో కొండమేకకు ప్రత్యేక ప్రస్తావన ఉంది. శిఖరాన ఉండే ఆ మేక అరబ్బుల మాటల్లో అందని ఆశ్రయానికి గుర్తు. కొండ ఎత్తే దాని కోట. వేటగాడు ఎంతటివాడైనా ముందు ఆ కోట ఎక్కాలి.

ఇక్కడ తార్ గురించి మరొక సంగతి చెప్పాలి. 1904లో ఒక ఆంగ్లేయ ప్రభువు తన ఉద్యానవనంలో పెంచిన కొన్ని తార్‌లను న్యూజిలాండ్‌కు బహుమతిగా పంపాడు. అక్కడి మౌంట్ కుక్ పర్వతం దగ్గర వాటిని అడవిలోకి వదిలారు. వేటకు మంచి జంతువు దొరికిందని అందరూ సంతోషించారు. అయితే ఆ దేశంలో గబ్బిలాలు తప్ప నేలపై తిరిగే పాలిచ్చే జంతువులేవీ మొదటి నుండీ లేవు. అందువల్ల అక్కడి కొండమొక్కలకు మేసే నోళ్ల నుండి తమను తాము కాపాడుకునే ఏర్పాటేదీ లేకపోయింది. తార్‌ను వేటాడే మంచుచిరుత కూడా అక్కడ లేదు. మేకలు పెరిగాయి, కొండల పచ్చదనం తరిగింది. చివరికి 1993లో ఆ దేశ ప్రభుత్వం వాటి సంఖ్య పదివేలకు మించరాదని ఒక ప్రణాళిక రూపొందించి, మించిన వాటిని చంపించే ఏర్పాటు చేయవలసి వచ్చింది.

ఆలోచించండి. జంతువు అదే, గిట్ట అదే, జూలు అదే. హిమాలయాల్లో అది తరిగిపోతున్నదని చట్టం దానికి కాపలా కాస్తోంది. మరొక దేశంలో అది పెరిగిపోయిందని తుపాకులు దానికోసం కొండలెక్కుతున్నాయి. మారినది చోటు ఒక్కటే. సృష్టికర్త నిలిపిన చోట మంచుచిరుతకు ఆహారంగానూ, కొండకు శోభగానూ ఉన్న ప్రాణి, మనిషి తన సరదా కోసం చోటు మార్చగానే కష్టంగా మారింది. ఇందులో దాని దోషమేమీ లేదు. ప్రాణిని ప్రేమించడమంటే దాని చోటును గౌరవించడమని తార్ చరిత్ర చెబుతోంది.

రెండవ ప్రాణిని వెదకడానికి మేము డార్జీలింగ్ నుండి సుమారు 19 కిలోమీటర్ల దూరంలో, సుఖియాపోఖ్రి సమీపంలో ఉన్న జోర్‌పోఖ్రికి వెళ్లాము. జోర్ అంటే జంట, పోఖ్రి అంటే కుంట. పేరుకు తగినట్లు అక్కడ రెండు కుంటలు. చుట్టూ ఆకాశాన్నంటే ధూపీ చెట్లు. మంచు విడిపోయిన వేళల్లో అక్కడి నుండి కాంచనజంగ శిఖరాలు కనబడతాయి. యాత్రికులు ఎక్కువమంది అందుకోసమే వస్తారు. శిఖరం కనబడని రోజున నిట్టూర్చి, టీ తాగి, వెళ్లిపోతారు.

ఆ కుంటల వల్లనే ఆ స్థలం 1985లో అభయారణ్యమైంది. దాని విస్తీర్ణం 0.04 చదరపు కిలోమీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు పది ఎకరాలు. అభయారణ్యం అనగానే పులులు, వందల చదరపు కిలోమీటర్ల అడవులు మన మనసులో మెదులుతాయి. ఒక మధ్యతరగతి రైతు పొలమంత ఈ అభయారణ్యం హిమాలయ సాలమాండర్ అనే జానెడైనా లేని ప్రాణి కోసం ఏర్పడింది.

చూపుకు అది బల్లిని పోలి ఉంటుంది. నిజానికి కప్పకు చుట్టం. తోక ఊడని కప్ప అని పిల్లలకు చెబితే సులువుగా అర్థమవుతుంది. ముదురు గోధుమరంగు శరీరం, వెన్ను మధ్య ఒక గట్టు, దానికి రెండు వైపులా వరుసగా బొడిపెలు. చలికాలమంతా నేల మీద రాళ్ల కింద, పుచ్చిన మొద్దుల కింద, ఆకుల పొరల్లో కదలక మెదలక పడి ఉంటుంది. వేసవి జల్లులు పడి నేల మెత్తబడగానే నడుచుకుంటూ కుంటకు చేరుతుంది. నీటి మొక్కలకు, గడ్డికి గుడ్లు అంటిస్తుంది. గుడ్డులో నుండి వచ్చిన పిల్లకు మెడ పక్కల ఈకల వంటి మొప్పలు ఉంటాయి. అది నీటిలోనే ఊపిరి తీసుకుంటూ పెరిగి, మొప్పలు కోల్పోయి, కాళ్లతో నేలపైకి వస్తుంది. సకల ప్రాణులను అల్లాహ్ నీటితో సృష్టించాడనీ, వాటిలో పొట్టపై పాకేవీ, రెండు కాళ్లపై నడిచేవీ, నాలుగు కాళ్లపై నడిచేవీ ఉన్నాయనీ నూర్ సూరా 45వ ఆయతు తెలుపుతుంది. ఒకే ప్రాణి తన ఒక్క జీవితంలో నీటి నుండి నాలుగు కాళ్ల నడకకు చేరడాన్ని ఈ కుంట అంచున చూడవచ్చు.

మన దేశంలో సాలమాండర్ జాతి ప్రాణులు తూర్పు హిమాలయాల్లోనూ, ఈశాన్య కొండల్లోనూ మాత్రమే ఉన్నాయి. దక్కన్ పీఠభూమిలో గానీ, తెలుగునాట గానీ ఒక్కటీ లేదు. తార్‌కు శాస్త్రజ్ఞులు 1826లోనే పేరు పెట్టారు. ఈ కొండల సాలమాండర్‌ను మాత్రం 2015 వరకు మరో జాతితో కలిపే లెక్కించారు. అది వేరే జాతి అని గుర్తించి, హిమాలయం పేరు మీదుగా దానికి పేరు పెట్టడానికి దాదాపు రెండు శతాబ్దాలు ఆలస్యమైంది. కొమ్ములున్నదాని మీద మనిషి చూపు ముందుగా పడింది.

సాలమాండర్ అన్న మాట వినగానే మదరసాలో చదివినవారికి 'సమందల్' గుర్తుకు వస్తుంది. దమీరీ గ్రంథంలో సమందల్ కూడా ఉంది. కానీ అది మంటల్లో కాలని ప్రాణి! దాని నుండి నేసిన వస్త్రం మాసిపోతే నిప్పులో వేస్తారనీ, మాలిన్యం కాలిపోయి వస్త్రం తెల్లగా బయటికి వస్తుందనీ పూర్వులు చెప్పుకున్నారు. నిప్పుకు కాలని ఆ వస్త్రం నిజానికి రాతినారతో చేసినదని ఇప్పటివారు వివరిస్తారు. పుచ్చిన మొద్దులో దాగి ఉన్న ఈ ప్రాణి, ఆ మొద్దును పొయ్యిలో పెట్టగానే బయటికి పాకడం చూసి, అది మంటలోనే పుట్టిందని గ్రీకులో, మరెవరో అనుకుని ఉంటారని కూడా అంటారు. పూర్వపు పండితులు విన్నదాన్ని విన్నట్లు నమోదు చేశారు. అది వారి విశ్వసనీయత. చూచి సరిచేసుకోవడం తరువాతివారి వంతు.

వాస్తవం దీనికి పూర్తిగా తలక్రిందులు. సమందల్‌కు నిప్పు కాదు కదా, ఎండ కూడా పనికిరాదు. దాని చర్మం తడిగా ఉండాలి. తడి ఆరితే ప్రాణం పోతుంది. నిప్పును జయించిన జీవిగా కథల్లో నిలిచినది, నిజజీవితంలో ఒక కుంటెడు నీటి మీద ఆధారపడి ఉంది.

ఇప్పుడు రెండింటినీ పక్కపక్కన నిలబెట్టి చూద్దాం. తార్‌కు ఆపద వస్తే పైకి పోతుంది. మరో వాలు, మరో శిఖరం దానికి ఉన్నాయి. గిట్ట దానికి దారి. సాలమాండర్‌కు ఆపద వస్తే పోయే చోటు లేదు. అది మెల్లగా నడుస్తుంది, దూరాలు పోలేదు, దాని సంతానం నీటిలో తప్ప పెరగదు. తార్‌ను నశింపజేయడానికి వేటగాడు కొండ ఎక్కి, గురిచూసి, తుపాకి పేల్చాలి. తాను చంపుతున్నానని అతనికి తెలుసు. సాలమాండర్‌ను నశింపజేయడానికి ఎవరూ దానిని చంపనక్కరలేదు. రెండు లారీల మట్టి పోస్తే చాలు. లేదా కుంట అందంగా ఉండాలని గట్లకు సిమెంటు పూయవచ్చు, పిల్లలకు వినోదంగా ఉంటుందని రంగుల చేపలు వదలవచ్చు. ఆ చేపలే గుడ్లనూ, పిల్లలనూ తినివేస్తాయి. పై తోటలో చల్లిన పురుగుమందు వానతో కలిసి దిగి రావచ్చు. వీటిలో ఏ పని చేసినవాడూ తాను ఒక ప్రాణిని చంపానని అనుకోడు.

ఇది పుస్తకంలో చదివిన చింతగానే మిగిలిపోయేది, మిత్రుని పల్లెకు చేరి ఉండకపోతే.

ఆయన మక్తబ్‌లో రెండే గదులు. ముస్లిం కుటుంబాలు ఆ కొండల్లో తక్కువే అయినా పిల్లల సంఖ్య పెరిగింది. చిన్నవాళ్లు వరండాలో కూర్చుని ఖాయిదా చదువుతున్నారు. జల్లు పడితే సిపారాలు గుండెకు హత్తుకుని గోడవైపు జరుగుతారు. మక్తబ్ వెనుక పల్లంలో ఒక చిన్న కుంట ఉంది. వేసవిలో మోకాలి లోతు బురద, వానల్లో నడుములోతు నీరు. ఆ కుంటను పూడ్చి రెండు గదులు కట్టాలని పెద్దల ఆలోచన. కొంత చందా కూడా పోగైంది.

ఇషా నమాజు తరువాత ఒక పదేళ్ల విద్యార్థి నన్ను టార్చిలైటుతో ఆ కుంట దగ్గరకు తీసుకుపోయాడు. "ఉస్తాద్, మెల్లగా రండి, అడుగు చూసి వేయండి" అన్నాడు. ఆ మాట ఎందుకన్నాడో తరువాత అర్థమైంది. తడి గడ్డిలో, మా చెప్పులకు రెండడుగుల దూరంలో, జోర్‌పోఖ్రిలో మంచు వల్ల నాకు కనబడని ఆ ప్రాణి కుంటవైపు నడుస్తోంది. ఒక కాలు ఎత్తి, ఆగి, మరో కాలు వేస్తోంది. ఏ తొందరా లేదు. వెలుతురు పడగానే నిలిచిపోయింది. పిల్లవాడు టార్చి పక్కకు తిప్పాడు. కాసేపటికి నీటిలో చిన్న అలికిడి వినబడింది.

మరునాడు పెద్దలు సమావేశమై, మదరసాలో బోధించేవాడిని గనుక నా అభిప్రాయం అడిగారు. వారిలో ఒక పెద్దమనిషి సూటిగా ప్రశ్నించారు: "మౌలానా, మా పిల్లలు ముఖ్యమా, ఈ బల్లి పిల్లలు ముఖ్యమా?"

ఆ ప్రశ్నను తేలికగా తీసుకోకూడదు. వరండాలో వణుకుతూ ఖుర్‌ఆన్ నేర్చుకునే పిల్లవాడు కూడా అమానతే. కుంట ఒడ్డున నిలబడి ప్రకృతి శోభను వర్ణించి తిరిగి రైలెక్కిపోయే బాటసారికి ఆ పిల్లల చలి తెలియదు. అందువల్ల ఫత్వా ఇచ్చే సాహసం చేయకుండా, ధర్మం మనకు నేర్పిన కొన్ని విషయాలను వారి ముందుంచాను.

మొదటిది, ఔషధంలో వాడేందుకు కప్పను చంపవచ్చునా అని ఒక వైద్యుడు అడిగినప్పుడు మహాప్రవక్త (స) దానిని చంపవద్దని వారించినట్లు అబూ దావూద్‌లో ఉంది. హదీసు కప్పను గురించినది. సాలమాండర్ పేరు అందులో లేదు. లేని పేరును నేను చేర్చలేను. కానీ నీటి ఒడ్డున బ్రతికే అల్పప్రాణి కూడా దైవప్రవక్త (స) దృష్టి నుండి తప్పిపోలేదన్నది అందులో స్పష్టంగా ఉంది.

రెండవది, మదీనా చుట్టూ రెండు కొండల మధ్య ప్రదేశాన్ని మహాప్రవక్త (స) పవిత్రస్థలంగా ప్రకటించి, అక్కడ చెట్లు నరకడాన్నీ, వేటాడడాన్నీ నిషేధించారు. గడ్డిభూములను 'హిమా'గా కేటాయించి కాపాడే సంప్రదాయం కూడా ఆనాటి నుండి ఉంది. హజ్రత్ ఉమర్ (రజి) తన కాలంలో హిమాకు కాపలాదారుని నియమించినప్పుడు, కొద్దిపాటి ఒంటెలు, మేకలు ఉన్న పేదవాడిని లోపలికి రానివ్వమనీ, పెద్ద మందలున్న ధనవంతుల విషయంలో కఠినంగా ఉండమనీ ఆదేశించినట్లు బుఖారీలో ఉంది. ధనవంతుల మందలు నశించినా వారికి తోటలు, పొలాలు ఉన్నాయి. పేదవాడికి మరో ఆధారం లేదు. వేరే దారి లేనివాడి హక్కును ముందు చూడాలన్న ఆ న్యాయం చాలా లోతైనది.

మూడవది, చీమల లోయ వృత్తాంతం. హజ్రత్ సులైమాన్ (అ) సైన్యం వస్తుంటే ఒక చీమ తన తోటి చీమలను ఇళ్లలోకి పొమ్మని హెచ్చరించింది. సులైమాన్ (అ), ఆయన సైనికులు తమకు తెలియకుండానే మిమ్మల్ని తొక్కివేయగలరన్నది దాని భయం. ఆ చీమ ప్రవక్తపై దౌర్జన్యమనే నింద వేయలేదు. 'తెలియకుండా' అన్నది. ఆ మాట విని సులైమాన్ (అ) చిరునవ్వు నవ్వి, తన ప్రభువుకు కృతజ్ఞత తెలిపే సద్బుద్ధిని ప్రసాదించమని వేడుకున్నారు. తెలియకముందు తొక్కినవాడి సంగతి వేరు, తెలిసిన తరువాత తొక్కినవాడి సంగతి వేరు. ఈ కుంటలో ఏముందో ఇప్పుడు మనకు తెలుసు.

"మీ ప్రశ్నకు నా సమాధానం ఇది" అన్నాను ఆ పెద్దమనిషితో. "పిల్లలే ముఖ్యం. కానీ పిల్లలకు గది పైన కట్టవచ్చు, పక్కన కట్టవచ్చు, ఆలస్యంగానైనా కట్టవచ్చు. ఆ ప్రాణికి కుంట మరోచోట కట్టి ఇవ్వలేం. ఇద్దరిలో ఎవరికి వేరే దారి ఉందో చూడండి."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. పై అంతస్తు వేయాలంటే పునాది బలం చూడాలనీ, కొండచరియల నేల అనీ, ఖర్చు రెట్టింపు అవుతుందనీ చెప్పారు. అవన్నీ నిజాలే. మరొకరు చట్టం సంగతి ప్రస్తావించారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం తార్‌తోపాటు సాలమాండర్‌కు కూడా రక్షణ కల్పించింది. అటవీశాఖ వారిని అడగకుండా కుంట ముట్టుకోవడం మంచిది కాదన్నారు. చివరికి వానలు వెళ్లేవరకు మట్టి పోయకూడదనీ, ఈలోగా ఒక ఇంజనీరును పిలిచి గోడల బలం చూపించాలనీ, వరండాకు ప్రస్తుతానికి రేకుల అడ్డుకట్ట వేయాలనీ నిర్ణయించారు. నేను తిరిగి వచ్చిన తరువాత మిత్రుడు ఫోన్ చేశారు. రేకులు వేశారట. కుంట నిండిందట. ఇంజనీరు ఇంకా రాలేదట. గదుల విషయం ఇంకా తేలలేదు. పిల్లలకు గదులూ దక్కాలనీ, కుంటా దక్కాలనీ పాఠకులు దుఆ చేయవలసిందిగా కోరుతున్నాను. వీలున్నవారు ఇటువంటి మక్తబ్‌లకు చేయూతనిస్తే, కుంటను పూడ్చవలసిన అగత్యమే ఆ పెద్దలకు కలగదు.

ఇది డార్జీలింగ్ కొండలకే పరిమితమైన విషయం కాదు. సాలమాండర్ మన దగ్గర లేకపోవచ్చు, కుంటలు మాత్రం మన ప్రతి ఊరిలోనూ ఉన్నాయి. ఉన్నాయి అనడం కన్నా ఉండేవి అనడం చాలాచోట్ల సత్యం. తొలకరి రాత్రి కప్పల బెకబెకలు వినబడిన పల్లంలో ఇవాళ ప్లాట్ల హద్దురాళ్లు నిలబడ్డాయి. అక్కడ కప్పలను ఎవరూ చంపలేదు. చోటు తీసేశారు, అంతే. నెమలినీ, జింకనూ కాపాడాలని బడిలో పిల్లలకు చెబుతాం, చెప్పవలసిందే. దానితోపాటు మన వీధి చివరి మడుగులో ఏముందో చూపించే బాధ్యత కూడా తల్లిదండ్రులదే. ప్రాణమున్న ప్రతి జీవికి చేసే మేలులో పుణ్యముందని దైవప్రవక్త (స) సెలవిచ్చినప్పుడు, ఆ జీవికి కొమ్ములు ఉండాలనీ, అది అందంగా ఉండాలనీ షరతు పెట్టలేదు.

శిఖరం మీది మేకకు దాని శిఖరమే కొంత కాపలా. కుంటలోని సమందల్‌కు కాపలా ఏమీ లేదు, ఆ దారిన నడిచే మనిషి జాగ్రత్త తప్ప. ఆ పదేళ్ల పిల్లవాడు దీనిని ఏ గ్రంథంలోనూ చదవలేదు. అయినా అతిథిగా వచ్చిన ఉస్తాద్‌కు మొదట చెప్పిన మాట, అడుగు చూసి వేయమన్నదే. అల్లాహ్ మనందరికీ ఆ జాగ్రత్తను ప్రసాదించుగాక. ఆమీన్.